పది గంటల దూరంలో పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయిందని అన్న ఫోన్ చేసేసరికి నేను లండన్‌లో ఆసుపత్రి డ్యూటీలో ఉన్నాను. ఏడవడానికి కూడా తీరిక ఇవ్వలేదు మహానుభావుడు. "ఫోన్ల చూసిన్నే. అక్కడి ఎయిర్‌పోర్టు నుంచి హైదరాబాద్‌కు ఏడువేల ఏడొందల కిలోమీటర్లట, పది గంటలేనట. రేపు పొద్దుగూకేదాక ఆపుతం, జల్దీ రా" అన్నాడు.

పది గంటలట! టికెట్ దొరకాలా, ముందుగా వెళ్లి క్యూలో నిలబడాలా, దిగాక శంషాబాద్ నుంచి మా ఊరు పినపాక దాకా రోడ్డున పడి రావాలా? "అన్నా, నేనింకా వార్డులోనే ఉన్నా" అంటే, "అవ్, పది గంటలే గదా" అన్నాడు. తల బాదుకున్నాను.

అసలు మా ఇంట్లో ప్రయాణాల లెక్క చెడగొట్టింది ఆ పెద్దమ్మే. బయల్దేరే రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచిరోజు చూసి పెట్టెను పక్కింట్లో ఉంచి రావాలి. దాన్ని పరస్థానం అంటారు. ఆ పక్కిల్లు ఎప్పుడూ ఆమెదే. "పెట్టె గడప దాటింది, ఇగ సగం దూరం పోయినట్టే బిడ్డా" అనేది. విమానం గంటలు చెప్పబోతే వినేదా? ఊహూ.

ఒకసారి పాస్‌పోర్టు ఆ పెట్టెలోనే ఉండిపోయింది. తీసుకోబోతే అడ్డంగా నిలబడింది.

"ఏందే గట్ల? బయలెల్లిన పెట్టె మళ్ల విప్పుతరా?"

"అది లేకపోతే విమానం ఎక్కనియ్యరు పెద్దమ్మా!"

"ఎందుకెక్కనియ్యరు? నేనొచ్చి చెప్త."

ప్రాణం విసిగిపోయింది. చివరికి పంతులుగారు ఫోన్‌లో సరేనన్నాకే పక్కకు జరిగింది. అంత సతాయించిన మనిషి, పెట్టె ఉన్నన్నాళ్లూ సంతకు కూడా పోలేదు. దాని పక్కనే చాప పరుచుకుని పడుకుంది. నేను క్షేమంగా చేరానని కబురు అందేదాకా ఆ చోటు ఊడ్చేది కాదు. నాకోసం అంత చాదస్తం మా అమ్మ కూడా పడలేదు. కాల్చకముందే ఒక్కసారి ఆమె ముఖం చూడాలని నా ప్రాణం కొట్టుకుంది.

మర్నాటికి గానీ టికెట్ దొరకలేదు. "ఐసు పెట్టెల పెట్టినం, ఇంకో రోజు ఆపుతం" అన్నాడు అన్న. విమానంలో ఎదుటి సీటు తెర మీద మిగిలిన కిలోమీటర్లు మెల్లగా తగ్గుతుంటే దాన్ని పగలగొట్టాలనిపించింది. దిగి ఫోన్ చేస్తే అన్న, "కరెంటు పోయిందే, ఐసు పెట్టె ఆగింది. దిగినవ్ గదా, ఇగ వచ్చినట్టే!" అన్నాడు. వచ్చినట్టేనట! మణుగూరు దగ్గర బొగ్గు లారీల వెనక మా కారు ఈడ్చుకుంటూ నడిచింది.

ఊరు ఇంకాస్త దూరం ఉందనగా, గోదారి దారి కలిసే చోట అటునుంచి తిరిగొస్తున్న జనం కనిపించారు. తడి బట్టలు, తడి తలలు. అన్న కారు కిటికీ దగ్గరకొచ్చి, "ఫోన్ల పది గంటలే అని చూపిచ్చిందే..." అని నసిగాడు. తిడదామని నోరు తెరిచాను, ఏడుపొచ్చింది.

కారు దిగాను. తారురోడ్డు మీద వాళ్ల తడి అడుగులన్నీ ఊరివైపు పోతున్నాయి. అవి ఎండకు ఆరిపోకముందే, వాటికి ఎదురుగా గోదారివైపు నడిచాను.