బస్సులో తిరిగిన ప్రశ్నల నోటుబుక్కు

పుంగనూరులో నేను లెక్కల టీచరుగా చేరిన పదకొండేళ్ళకు, ఎనభైల నడుమ, మా బడికి రెండు కంప్యూటర్లు వచ్చాయి. వాటిని సైన్సు ల్యాబు పక్క గదిలో పెట్టి తలుపుకు రెండు తాళాలు వేశారు. లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి పన్నెండు రోజుల శిక్షణకు నన్నే పంపారు. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. టైపు మిషను కూడా ఎన్నడూ ముట్టుకున్నదాన్ని కాదు.

ఆ శిక్షణలో నేను నేర్చుకున్నది తక్కువ, భయపడింది ఎక్కువ. పాఠం చెప్పేవాడు చిన్నవాడు, తెలివైనవాడు. నాలుగో రోజు చేయెత్తి ఒక సందేహం అడిగితే, అది మీకిచ్చిన పుస్తకంలోనే ఉంది, చదువుకుని రండి అన్నాడు. ఇంగ్లీషులో ఇటుకంత పుస్తకం అది. సమాధానం ఏ పేజీలో ఉందో వెతకాలంటే ముందు ఆ సమాధానం తెలిసి ఉండాలి. మిగిలిన రోజుల్లో నేను మళ్ళీ చేయెత్తలేదు.

అక్కడే ఇద్దరు పరిచయమయ్యారు. ఒకాయన మదనపల్లె లెక్కల సారు. యాభైకి దగ్గర పడుతున్న మనిషి, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. నిజానికి ఆయనకు ఆ శిక్షణ అక్కర్లేదు. బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు ప్రోగ్రాములు రాసినవాడు. అప్పట్లో అట్టకార్డులకు చిల్లులు పొడిచి కంప్యూటరుకు అందించేవాళ్ళట. తల్లి మంచాన పడితే ఆ ఉద్యోగం వదిలి ఊరికి వచ్చి బడిలో చేరాడు. రెండో ఆయన కుప్పం సైన్సు సారు. నాకన్నా పదేళ్ళు చిన్న. ఏదైనా ఒకసారి చూస్తే పట్టేసేవాడు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

శిక్షణ ముగిసిన రోజు మదనపల్లె సారు ఒక లావుపాటి నోటుబుక్కు కొన్నాడు. ఎడమ పేజీలో ప్రశ్న రాయాలి, కుడి పేజీలో తెలిసినవాళ్ళు జవాబు రాయాలి అన్నాడు. మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సు పుంగనూరు మీదుగానే పోతుంది. అందులో ఒక కండక్టరు ఆయనకు బాగా తెలిసినవాడు. నోటుబుక్కు ఖాకీ గుడ్డసంచిలో ఆ కండక్టరు చేతిమీదుగా మూడు ఊర్లూ తిరిగేది. ఒక చుట్టు రావడానికి పది పదిహేను రోజులు పట్టేది.

మొదటిసారి నా చేతికి వచ్చినప్పుడు, "ప్రోగ్రాము పనిచేయడం లేదు. ఏమి చేయాలి?" అని రాశాను. పిల్లల మార్కులు కూడి సగటు చెప్పే ప్రోగ్రాము అది. పదిహేను వరసలు. వారం రోజులుగా దానితో కుస్తీ పడుతున్నాను.

నోటుబుక్కు తిరిగి వచ్చింది. కుడి పేజీలో మదనపల్లె సారు గుండ్రటి చేతిరాత. "మేడం, కంప్యూటరు ముందర మీరుండారు, నేను లేను. మీ కండ్లే నాకు కండ్లు. మీరు కొట్టిన పదిహేను వరసలూ, తెర మీద వచ్చిన మాటా, ఒక్క అక్షరం మార్చకుండా రాయండి. ఏమనుకుని ఏ వరస రాసినారో పక్కన ఒక ముక్క రాయండి. తొందర లేదు."

నాకు కొంచెం నిరాశ కలిగింది. జవాబు తెలిసిన మనిషి చెప్పేస్తే పోయేది కదా అనిపించింది. అయినా చెప్పినట్టే కూర్చుని తెర చూసి రాయడం మొదలుపెట్టాను. తొమ్మిదో వరస దగ్గర కలం ఆగింది. సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరం ఓ కొట్టి ఉన్నాను. మార్చాను. మార్కులన్నీ టకటకా కూడి తెర మీదికి వచ్చాయి. గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా ముఖం చూసి నవ్వేవాళ్ళు. ఆ సంతోషంలో జరిగినదంతా నోటుబుక్కులో రాసి బస్సుకిచ్చాను.

అది కుప్పం పోయి వచ్చేసరికి నా రాత కింద ఎర్రసిరాతో ఒక వాక్యం ఉంది. "సున్నాకు ఓకు తేడా తెలుసుకునేదానికి నోటుబుక్కు నూరు మైళ్ళు తిరగల్నా?"

చిన్నమాటే. కుప్పం సారు సరదాకే రాసి ఉండవచ్చు. కానీ నాకు ఆ శిక్షణ గదిలో నాలుగో రోజు మళ్ళీ వచ్చినట్టయింది. తర్వాత రెండు చుట్లు నోటుబుక్కు వచ్చింది, పోయింది. నేను ఏమీ రాయలేదు. అడగవలసినవి మాత్రం నా దగ్గర పేరుకుపోయాయి.

ఒక శనివారం మధ్యాహ్నం మదనపల్లె సారు మా బడికి వచ్చాడు. ఇట్లా పనిమీద వచ్చాను, మీ కంప్యూటర్లు చూసి పోదామనుకున్నాను అన్నాడు. ఏ పనీ లేదని నాకు తెలుసు. ఎర్రసిరా సంగతి ఎత్తలేదు. నేనెందుకు రాయడం లేదనీ అడగలేదు. నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఇప్పుడేమి చేస్తున్నారో చూపించండి అన్నాడు. కీబోర్డు మీద చేయి పెట్టలేదు. అంతసేపూ చేతులు ఒడిలోనే ఉంచుకున్నాడు.

అటెండరు టీ తెచ్చి ఇచ్చాక, తనంతట తానే చెప్పాడు.

"నేనూ ఆ తప్పే చేసినాను మేడం, బెంగుళూర్లో చేరిన కొత్తల్లో. సున్నా పెట్టాల్సిన కాడ ఓ కొట్టినాను. మూడు దినాలు మా సెక్షనంతా ఎతికినారు."

తిట్టలేదా అని అడిగాను.

"మా పైన తమిళాయన ఒకాయన ఉండె. నా పక్కన కూచోని, ఏమనుకోని రాసినావో చెప్పప్పా అన్న్యాడు. చెప్తా చెప్తా నాకే తెలిసిపాయె." గ్లాసు కింద పెట్టాడు. "తెలియనోళ్ళు అడిగేదానికే సిగ్గుపడతాండారు. మనం నగితే ఇంగ అడగరు. అడగకపోతే తప్పు ఆడనే ఉండిపోతాది."

పోయేముందు నోటుబుక్కు అడిగి తీసుకుని, ఎర్రసిరా వాక్యం కింద తన కథంతా ఒక పేజీ నిండా రాశాడు. మూడు రోజులు ఎంతమంది పని ఆగిపోయిందో, తనకు అన్నం ఎట్లా సహించలేదో కూడా రాశాడు. కుప్పం సారును ఒక్క మాట అనలేదు.

ఈసారి కుప్పం నుంచి నోటుబుక్కు రావడం ఆలస్యమైంది. వచ్చినప్పుడు ఎడమ పేజీలో నీలిసిరాతో ప్రశ్న ఉంది. అప్పట్లో ప్రోగ్రాములు క్యాసెట్లలో ఉండేవి. టేపురికార్డరు నుంచి అవి కంప్యూటరులోకి ఎక్కడం లేదట. నెల రోజుల నుంచి ఇదే తంటా. ఇన్నాళ్ళూ అడగడానికి మొహం చెల్లలేదని ఆయనే రాశాడు.

దానికి జవాబు నాకు తెలుసు. అదే తంటా నేను రెండు వారాలు పడ్డాను. టేపురికార్డరు సౌండు మరీ ఎక్కువ పెట్టినా, మరీ తక్కువ పెట్టినా కంప్యూటరుకు అందదు. ఎర్రకలం నా సొరుగులోనే ఉంది. నూరు మైళ్ళ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్న మనిషి కళ్ళముందు మెదిలాడు. సౌండు ఎక్కడ ఉంచాలో రాసి, నాకు అది తెలియడానికి రెండు వారాలు పట్టిందని కూడా రాశాను. మరుసటి చుట్టులో కుప్పం సారు, "ఎక్కింది మేడం. ఆ దినం నేను రాసింది తప్పు. మన్నించండి" అని రాశాడు.

ఏడాది తిరిగేసరికి నోటుబుక్కులో వెంకటగిరికోట, నిమ్మనపల్లె, వాల్మీకిపురం టీచర్లు కూడా చేరారు. మొదటిది నిండి రెండోది మొదలైంది. మదనపల్లె సారులో లోపం లేదని చెప్పను. ఆయన జవాబులు పొడవు. పక్కదారి పట్టి కార్డుల కాలం కథల్లోకి పోయేవాడు. ఒక్కోసారి అసలు సంగతి మూడో పేజీలో దొరికేది. అయినా కొత్తగా చేరిన ఎవరి ప్రశ్ననూ ఆయన చిన్నదిగా చూడగా నేను ఎరగను.

వెంకటగిరికోటలో కొత్తగా చేరిన ఒక టీచరమ్మకు సోమవారం ఇన్‌స్పెక్షను పడింది. ప్రోగ్రాము నడవడం లేదు. నోటుబుక్కు వచ్చేదాకా ఆగే వీలు లేక కండక్టరుతోనే మదనపల్లెకు చీటీ పంపింది. ఏమనుకుని రాసినారో చెప్పండి అని సారు మళ్ళీ అడుగుతాడేమోనని మేమంతా అనుకున్నాం. ఆయన మాత్రం అదే కండక్టరుతో, వెంకటగిరికోటకు దగ్గర్లో ఉన్న కుప్పం సారుకు కబురు పంపాడు. ఈసారికి నేర్పొద్దు, చేసిచ్చి రమ్మన్నాడు.

కుప్పం సారు ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పోయి, ప్రోగ్రాము సరిచేసి ఇచ్చాడు. ఇన్‌స్పెక్షను గడిచిపోయింది. మళ్ళీ ఆదివారం ఎవరూ చెప్పకుండానే ఇంకోసారి పోయాడు. ఆ సంగతి టీచరమ్మ నోటుబుక్కులో రాస్తే మాకు తెలిసింది. తను సరిచేసినదంతా చెరిపేసి, మొదటి నుంచి ఆమె చేతనే కొట్టించాడట. సాయంత్రం బస్సు వేళ దాకా పక్కన కూర్చుని, ఆమె తప్పు కొట్టినప్పుడల్లా, "ఏమనుకోని అట్ల కొట్టినారో చెప్పండమ్మా" అని అడుగుతూ ఉన్నాడట.