అన్నం ఉడికేదాకా ఆగమన్న అత్త

మా మేనత్త పోయింది. కబురు వచ్చినప్పుడు నేను దుకాణంలో పార్శిళ్ళు కడుతున్నాను. ఫోన్ పెట్టేసి, చేతిలో టేపు చుట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయాను. చిన్న సేఠ్ నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. "అరెరె, ఓం శాంతి, ఓం శాంతి" అని చేతులు జోడించాడు, కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు. తెరవగానే అడిగిన మాట ఇది: "మాసీ పాత వీడియోలు అన్నీ ఉన్నాయి కదా? ఎవరూ డిలీట్ చెయ్యలేదు కదా?"

సిగ్గు కూడా సరుకే అయ్యుంటే వీడికొక పార్శిల్ కట్టి ఉచితంగా పంపేదాన్ని.

మీలో కొందరు మా అత్తను చూసే ఉంటారు. సూరత్ నుంచి ఫోన్లో చీరలు అమ్మే లైవ్‌లో, యాంకర్ పిల్ల వెనక కూర్చుని, కొనేవాళ్ళను తిట్టే ముసలావిడ ఆమే. దుకాణంలో ఆమె మాసీ. 'తిట్టే అత్త' అని పేరు పెట్టింది మీరే. నవ్వుకున్నారు, ఒకరికొకరు పంపుకున్నారు. ఆమె నిజంగానే తిడుతోందని ఒక్కరికీ తోచలేదు. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు. మా అత్త కళ్ళు చిన్నవే, నోరే పెద్దది. లేని గొప్పలు అంటగడితే లేచొచ్చి నన్నే నాలుగు తిడుతుంది కాబట్టి, ఉన్నదున్నట్టే రాస్తాను.

ఆమెది సిరిసిల్ల దగ్గర పల్లె. పెళ్ళయ్యాక మామయ్య వెంట సూరత్ వచ్చింది, వెనకే మా నాన్నా వచ్చాడు. మామయ్య అక్కడి ఖటోదరా పేటలో మగ్గాల మీద పనిచేసేవాడు. ఆయన పోయాక, పిల్లలు లేని మనిషి, ఒకరి మీద పడి తిననని చీరల మార్కెట్లో, ఇప్పుడు నేనున్న దుకాణంలోనే, పనికి కుదిరింది. గిరాకీల ముందు విప్పి పారేసిన చీరలను మళ్ళీ మడతపెట్టడం ఆ పని. మడతపెడుతూ నోట్లోనే తిట్టేది. చీరను కాదు, చూపించినవాణ్ణి. "కొనేదానికి ఒక్కటి సాలు. గీడు ఇరవై ఇప్పిండు. కండ్లు తిరిగి కొనాలని."

ఆమెకో పద్ధతి ఉండేది. ఏదైనా కొనాలనిపిస్తే ముందు ఇంటికొచ్చేది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేది. అన్నం ఉడికి, గంజి వార్చి, గిన్నె దించాక కూడా ఆ వస్తువు మనసులో మెదులుతుంటే అప్పుడు పోయి తెచ్చుకునేది. "మనసు గంజి లెక్క బిడ్డా. పొంగుతది. జర మంట తగ్గిస్తే అదే కిందికి దిగుతది" అనేది. చిన్నప్పుడు మా గల్లీలోకి లైట్లు వెలిగే గడియారాలు అమ్మేవాడు వచ్చాడు. నేను నేల మీద పడి దొర్లాను. అత్త నన్ను ఎత్తుకుపోయి పొయ్యి ముందు కూర్చోబెట్టి బియ్యం పెట్టింది. అన్నం ఉడికే లోపల నేను నిద్రపోయాను. లేచాక గడియారం గుర్తొచ్చింది కానీ ఏడుపు రాలేదు.

పిసినారి అనుకోకండి. ఒకసారి స్టీలు టిఫిన్ క్యారియర్ మీద మోజు పడింది. ఇంటికొచ్చి బియ్యం పెట్టింది, గంజి వార్చింది, గిన్నె దించింది. "ఉడికింది. ఇంకా గావాలనే ఉన్నది" అని చెప్పులేసుకుని తిరిగి పోయి తెచ్చుకుంది. దాన్ని మమ్మల్నెవరినీ ముట్టుకోనివ్వలేదు. రోజూ పనికి తీసుకెళ్ళేది, రోజూ బూడిదతో తోమేది.

ఇక మా చిన్న సేఠ్ సంగతి. పెద్ద సేఠ్ ఉన్నన్నాళ్ళూ దుకాణం దుకాణంలా నడిచింది. కొడుకు ఏదో హోటల్లో పెట్టిన క్లాసులకు పోయి 'కస్టమర్ సైకాలజీ' నేర్చుకొచ్చాడు. వచ్చిన మర్నాటి నుంచి మా ప్రాణాలు తోడేశాడు. మెట్ల మీద కాలు పెట్టే చోటు లేకుండా మూటలు పేర్చి ఉంటే, ఫోన్ ముందు "చివరి రెండు పీసులు" అనిపించేవాడు. తెర మీద గడియారం తిరిగేది, అది ఆగిపోతే కొంపలు మునుగుతాయన్నట్టు. ఆ గడియారం ఎప్పుడూ అన్నం ఉడికే లోపలే అయిపోయేది. కింద "నేను తీసుకున్నా", "సూపర్ అక్కా" అని రాసే అక్కలందరూ పై అంతస్తులో కూర్చున్న ఇద్దరు మగపిల్లలు. అరచేతిలో వైకుంఠం అంటే ఏమిటో నేను అక్కడే చూశాను.

అన్నిటికంటే నాకు రోత పుట్టించింది వాడు యాంకర్ పిల్లకు నేర్పిన ఒక మాట. మా దగ్గర నేర్చుకున్న ముక్కల తెలుగులో గర్వంగా మాకూ చెప్పాడు. "ఖర్చు చేసే మనిషి మీద మెహనత్ వద్దు, టైం వేస్ట్. ఏడాదంతా ఆపుకునే మనిషి ఉంటది కదా, పిల్లల ఫీజు, ఇంటి కిరాయి అని? ఆమెను పట్టుకో. ఇన్నాళ్ళూ అందరి కోసం ఆగావు, ఈ ఒక్కటి నీ కోసం అను. పడిపోతది." అంటే మీ సహనం మీ బలం కాదట, వాడు తలుపు తోయాల్సిన చోటట. శ్రావణమాసం అయిపోయే నాటికి పెద్ద మూటలు తెప్పించేవాడు. నెలంతా నీసు మానేసి, మందు మానేసి ఆగిన ఇళ్ళలో ఆ మర్నాడు చేతులు ఆగవని వాడి లెక్క. దేవుడి మొక్కులోనూ బేరం వెతికే బుద్ధిని ఏమనాలో నాకు తెలియదు. అత్తకు తెలుసు. "థూ" అంది.

ఒకరోజు యాంకర్ పిల్ల అదే పాట అందుకుంది. వెనక మడతపెడుతున్న అత్త ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని, చేతిలో చీర పక్కన పడేసి ఫోన్ ముందుకు ముఖం పెట్టింది.

"ఏయ్, ఆగు! మొన్న తీస్కున్నది కట్టినవా? బీరువ తెరిసి సూడు, మీద పడ్తయ్. గిదేమన్న చివరిదనుకుంటున్నవా? మెట్ల మీద ఎక్కనీకి జాగ లేదు నాకు. పో, పోయి బియ్యం పెట్టు. అన్నం ఉడికినంక గూడ గావాలంటే అప్పుడు సూద్దం."

చిన్న సేఠ్ ముఖం సున్నం కొట్టినట్టయింది. ఆమెను లాగెయ్యబోయాడు. అంతలో ఫోన్ టంగు టంగుమంటూ ఆర్డర్లు. లాగబోయిన చేతులే దండం పెట్టాయి. "మాసీ! కమాల్!" అని గంతులు వేశాడు. దాన్ని రివర్స్ సైకాలజీ అంటారని మాకు పాఠం చెప్పాడు. మర్నాటికి అత్తకొక ఎత్తు స్టూలు, మెడకొక మైకు, చేతికి చాయ్. "రోజూ తిట్టు మాసీ, దిల్ సే తిట్టు" అన్నాడు.

అత్త దిల్ సే తిట్టింది. ఆమెకు ఇంకో రకం చేతకాదు. పైగా మురిసిపోయింది. దారిలో నా చెయ్యి పట్టుకుని, "ఇయ్యాల చాలమందిని ఆపిన బిడ్డా. పాపం, పిల్లల తల్లులు" అనేది. పార్శిళ్ళు రెట్టింపయ్యాయని చెప్పాను. నమ్మలేదు. "అయి ఆ పిల్ల తియ్యటి మాటలకు పోయినయ్. నా మాట ఇన్నోళ్ళు ఆగిన్రు" అంది. ఆమె లోకంలో వద్దంటే వద్దనే. వద్దనే మాటకు కూడా ధర కట్టే మొనగాడు ఉంటాడని ఆమె ఎలా ఊహిస్తుంది?

ఒక మధ్యాహ్నం అడ్రసు మార్చమని ఒకామె ఫోన్ చేసింది. బీడీలు చుట్టుకుని బతికే మనిషి, మా అత్త ఊరి పక్క ఊరే. తిట్టే అత్తతో ఒక్కసారి మాట్లాడించమంది. స్పీకర్ పెట్టి ఇచ్చాను.

"అత్తా, గట్ల ముఖం మీద వద్దన్నవ్ సూడు, గప్పుడే అనుకున్న, గీ దుకాణంల మోసం లేదని. ఎన్నడు కొననిదాన్ని మూడు తీస్కున్న!"

"నేను వద్దన్న గదనే!"

"అవ్ అత్తా, అందుకే!" అని ఆమె పకపకా నవ్వింది.

అత్త నవ్వలేదు. ఫోన్ నా చేతికిచ్చి మూటల మీద కూర్చుంది. "నా నోరు గూడ అమ్ముకున్నడు బిడ్డా" అంది. ఆమె గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు. ఆస్తి లేదు, పిల్లలు లేరు. ఆమెకున్నదల్లా ఒక్క మాట. అది ఎవరి ముందైనా నిలబడే మాట. దాన్నే వీడు ఎరగా గుచ్చాడు.

మర్నాడు స్టూలెక్కి నోరు విప్పకుండా కూర్చుంది. కింద అందరూ "తిట్టత్తా తిట్టు" అని రాశారు. "పర్వాలేదు, సైలెన్స్ కూడా చలేగా, నడుస్తది, సస్పెన్స్ ఉంటది" అన్నాడు చిన్న సేఠ్. వాడికి గాడిద ఓండ్ర పెట్టినా అమ్మకమే, పెట్టకపోయినా అమ్మకమే.

ఆ తర్వాతి రోజు అత్త ఇంటి నుంచి కరెంటు కుక్కరు మోసుకొచ్చింది. యాంకర్ పిల్లను పక్కకు జరగమంది. బియ్యం కడిగి, నీళ్ళు పోసి, ఫోన్ ఎదురుగా పెట్టి స్విచ్ వేసింది. చీరల మీద దుప్పటి కప్పింది. "గిది ఉడికేదాక ఏ చీర సూపియ్య. మీరు గూడ పెట్టుకోన్రి" అని కుక్కరు పక్కన కూర్చుంది.

చిన్న సేఠ్ మొదట చప్పట్లు కొట్టాడు, ఇదేదో కొత్త నాటకమని. కుక్కరు ఉడుకుతోంది. అత్త మాట్లాడదు, తిట్టదు. ఆవిరి లేస్తోంది. "అత్తా, సిగ్నల్ పోయిందా?" అని ఎవరో రాశారు. "మా బాబు అన్నం అడుగుతున్నడు, పోతున్న" అని ఇంకొకరు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఒక్క ఆర్డరు లేదు. వాడు హోటల్లో నేర్చుకున్న చదువులో కోపాన్ని అమ్మడం ఉంది, భయాన్ని అమ్మడం ఉంది, వద్దనడాన్ని అమ్మడం కూడా ఉంది. ఊరికే ఆగడాన్ని అమ్మడం మాత్రం లేదు. చివరికి తట్టుకోలేక పోయి ప్లగ్గు పీకేశాడు.

అత్త మూత తీసి చూసింది. "సగమే ఉడికింది సేఠ్. ఆగనోనికి గిదే దక్కుతది" అని కుక్కరు చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయింది. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. ఆ బియ్యాన్ని ఇంట్లో మళ్ళీ పొయ్యి మీద పెట్టి, మెత్తగా ఉడికించి తిన్నానని సాయంత్రం చెప్పింది. ఇంటి దగ్గరే ఉండి, గల్లీ ఆడవాళ్ళతో కబుర్లు చెబుతూ, ఎవరు ఏం కొన్నా మూతి తిప్పుతూ బతికింది. మొన్న పొద్దున నీళ్ళు పట్టుకుంటూ కూలబడింది. అంతే, ఆసుపత్రిదాకా కూడా పోలేదు.

మూడో రోజు తాపీ నది ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముడితే వాళ్ళకు ఏ కొరతా లేదని అర్థం. ముట్టేదాకా ఇంటిల్లిపాదీ నిలబడాల్సిందే. అన్నం ఆమె స్టీలు క్యారియర్‌లోనే తీసుకెళ్ళాం.

చిన్న సేఠ్ వచ్చాడు. తెల్ల కుర్తా, చేతిలో కర్రకు బిగించిన ఫోన్. "మాసీ మాకు అమ్మ లెక్క" అని మా నాన్నను వాటేసుకున్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి ఫోన్లో బొమ్మ చూపించాడు. అత్త ఫోటో, దానికి దండ, కింద పెద్ద అక్షరాలు: 'అత్త వద్దంది. మీరు ఆగగలరా?' దాని కింద 'శ్రద్ధాంజలి సేల్'. "కాకి ముట్టేది కూడా తీస్తా, ఎమోషన్ వస్తది" అన్నాడు.

కాకి గోడ మీద ఉంది. రావడం లేదు. మా నాన్న చేతులు జోడించాడు. "అక్కా, నీకేం కొరత లేకుంట జూసుకుంటం. ఏటేటా పెడ్తం. రాయే" అన్నాడు. కాకి మెడ తిప్పింది, కదల్లేదు. చిన్న సేఠ్ గడియారం చూసుకున్నాడు. లైవ్‌కు టైమవుతోంది మరి. జేబులోంచి శనగపిండి గాఠియా పొట్లం తీసి నాలుగు ముక్కలు ఆకు పక్కన విసిరాడు. కాకికీ సైకాలజీ! అందరి ముందే ఉమ్మేద్దామనుకున్నాను.

ఉమ్మలేదు. ఆకు ముందుకు పోయి నిలబడి, అందరికీ వినబడేలా అన్నాను.

"అత్తా, నీ మాట అమ్మనియ్య. నీ ఫోటో పెట్టి చీరలు అమ్మిననాడు ఆ దుకాణంల ఒక్క పార్శిల్ గూడ కట్ట. నీ మీద ఒట్టు."

వెనక నాతోపాటు పార్శిళ్ళు కట్టే ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరూ మా గల్లీవాళ్ళే. ఒకామె కొంగు నడుముకు దోపుకుని ఆకు వైపు తిరిగి, "మేం గూడ కట్టం వదినా, నిమ్మలంగ రా" అంది. మిగతావాళ్ళూ ఒట్టు వేశారు.

చిన్న సేఠ్ మా ముఖాలు చూశాడు, గోడ మీద కాకిని చూశాడు. వాళ్ళ ఇంట్లోనూ ఏటా పెద్దలకు పెట్టి కాకులను పిలుస్తారు. పిండం ముందు వేసిన ఒట్టుకు ఏ రివర్సూ ఉండదని వాడికి తెలుసు. ముఖం ముడుచుకుని ఫోన్‌లో బొమ్మను తుడిచేశాడు. నాకు చూపించి మరీ తుడిచాడు. కర్ర మడిచి, ఎవరికీ చెప్పకుండా రేవు మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

కాకి అప్పుడు కూడా వెంటనే రాలేదు. అత్త పెంపకం మరి. ఎండ ఎక్కింది, మేం నిలబడ్డాం. చాలాసేపటికి గోడ దిగింది. గాఠియా ముక్కల దగ్గర ఆగి ఒకసారి చూసింది, దాటుకుని వచ్చి అన్నంలో ముక్కు పెట్టింది. ఒక్కొక్క మెతుకే ఏరుకుని తింటోంది. పక్కన ఖాళీ క్యారియర్ ఎండకు మెరుస్తోంది. అది తినడం అయ్యేదాకా మాలో ఎవరూ కదల్లేదు.