నునుపైన వేళ్లు

టక్కుమని చంకకర్ర, వెంటనే బురదలో ఈడ్చుకొచ్చే కాలు. టక్కు, జర్రు. ఆ చప్పుడుకి కొట్టంలో పోకకాయలు ఒలిచే ఆడవాళ్ల చేతులు కత్తిపీటల మీద ఒక్క క్షణం ఆగాయి. చూరు నుంచి జారే వాన ధారల్ని పక్కకి తోసుకుంటూ చౌడప్ప లోపలికొచ్చాడు.

నలభై రెండేళ్ల చౌడప్పకి పుట్టుకతోనే రక్తం గడ్డకట్టని జబ్బు. సాగర అనే ఊళ్లో ఒక డాక్టరమ్మ, ఈ జబ్బున్న కుటుంబాల వేలిముద్రల్లో శంఖాలెన్ని, చక్రాలెన్ని అని పరిశోధన చేస్తోంది. ముద్రలు తీసే పని చౌడప్పది. వేలిని ఈ గోరంచు నుంచి ఆ గోరంచు దాకా మెల్లగా దొర్లించాలి. గట్టిగా నొక్కితే ఈ మనుషులకి చర్మం కింద నెత్తురు చేరి కమిలిపోతుంది. ఎంత మెత్తగా పట్టాలో అతనికి తన ఒంటి మీదే తెలిసింది.

నిన్న చెల్లెలు బంగారి ముద్రలూ తీశాడు. పెళ్లయి మూడేళ్లయినా, అన్న జబ్బు తన కడుపులోకి దిగుతుందేమోనని ఆమె బిడ్డని కనలేదు. కాగితం మీద పది నల్లటి మచ్చలు పడ్డాయి. ఒక్క గీత లేదు. అది చూసి నవ్వుకుంటూ ఇంటికి పరిగెత్తింది.

"రా అన్నా, నోరు తీపి చేసుకో!" బంగారి తన కత్తిపీట ముందు నుంచి లేచి బెల్లం ముక్క అతని చేతిలో పెట్టింది. "జబ్బు గీత ఒక్కటీ లేదు నాకు!"

"మీ అన్న మొహం చూడవే, వేపాకు నమిలినట్టుంది," అంది పక్కపీట హుచ్చమ్మ.

"హుచ్చక్కా, నీ చెయ్యి చూపించు," అన్నాడు చౌడప్ప.

పోకరసానికి నల్లబడి, గాజులా నునుపుగా ఉందా చెయ్యి.

"ఈ కొట్టంలో ఎవరికీ గీతల్లేవు బంగారీ. పోకతొక్క తినేసింది. పని మానితే మళ్లీ మొలుస్తాయి. మొలిచినా నీ సంగతి చెప్పవు. అది వందమంది వేళ్లు కలిపి చూసే లెక్క. నీ సంగతి రక్తపరీక్షే చెప్పాలి."

"నిన్ననే చెప్పి ఏడవచ్చుగా ఆ మాట! మా ఆయనా నేనూ బిడ్డకి పేర్లు కూడా ఏరుకున్నాం."

"నీ నవ్వు చూసి నోరు రాలేదే."

రేకుల మీద వాన పెరిగింది. బంగారి బెల్లం అంటిన వేళ్లని కొంగుకి తుడుచుకుని మళ్లీ పీట ముందు కూర్చుంది.

"నిజం చెప్పన్నా. నీలాంటివాడే పుడితే? ఎందుకు పుట్టానా అని నీకెప్పుడైనా అనిపించిందా?"

చౌడప్ప కర్రని గోడకి ఆనించి, ఆమె పక్కన మెల్లగా కూర్చున్నాడు.

"మోకాలు వాచిన రోజుల్లో అనిపించింది. మిగతా రోజుల్లో అనిపించలేదు. ఆ మిగతా రోజులే ఎక్కువ, బంగారీ. పద, రక్తం ఇచ్చొద్దాం."