బాబాయిగారి పరగడుపు

గల్ఫ్‌కొచ్చి మనామాలో కొత్తగా కాపురం పెట్టిన ఆ రోజుల్లో నాకు దేనికీ భయం ఉండేది కాదు. భయపడే పని చుట్టుపక్కలవాళ్ళు చూసుకునేవారు. తొంభైల మొదట్లో మాట. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఓ కాలేజీలో మెడికల్ అసిస్టెంట్ కోర్సులో చేరాను. ఇంజెక్షన్ చెయ్యడం నారింజపండ్ల మీద నేర్పేవారు. నేను ఇంటికొచ్చి కూడా పండ్లలోకి నీళ్ళు ఎక్కించి (పారెయ్యడానికి మనసొప్పక) వచ్చినవాళ్ళకు పెట్టేదాన్ని. "ఈ దేశపు పండ్లలో రసం ఎక్కువండీ" అని మెచ్చుకుంటూ తినేవారు. సూది చూస్తే కళ్ళు తేలేసే మా ఆయన మాత్రం నా దరిదాపులకు వచ్చేవారు కాదు.

చివరి పరీక్షకు ఎవరి మనిషిని వాళ్ళే తెచ్చుకుని, రక్తం తీసి, పరగడుపు షుగర్ చూపించాలి. నెగ్గితే ఒక క్లినిక్‌లో ఉద్యోగం. తప్పితే, "ఏదో సరదాకి చేరిందండీ" అని మా ఆయన అందరితో అంటున్న మాట నిజమైపోతుంది. ఆ మాటొక్కటే నన్ను పొడిచేది. చివరికి సల్మాబాద్‌లో వెల్డింగ్ పనిచేసే కోనసీమ బాబాయి (చుట్టరికం లేదు, శుక్రవారం మా ఇంటి భోజనాలతో కుదిరిన వరస) సూదికి చెయ్యి చాపుతానన్నాడు. "నిప్పురవ్వలకే లెక్కలేదు, సూదెంతండీ అమ్మాయిగారూ, ఆయ్!" పరగడుపునే రావాలని మరీ మరీ చెప్పాను.

అన్నట్టే పొద్దున్నే వచ్చి హాల్లో కూర్చున్నాడు. గుమ్మం తొక్కినవాళ్ళను "ఏమైనా తిన్నారా?" అని అడగకుండా ఉండలేని ఇల్లు మాది. ఆరోజు మాత్రం నోరు కట్టేసుకున్నాను. అడిగితే పెట్టాలి, పెట్టలేనప్పుడు అడగడం మర్యాద కాదు కదా! చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళాను.

పరీక్షలో మొదటి పోటుకే రక్తం వచ్చింది. నేను పొంగిపోయేలోపు మా మలయాళీ టీచరమ్మ మిషన్‌లో అంకె చూసి కళ్ళజోడు సవరించుకున్నారు. "ఈయనకి షుగర్ చాలా ఉంది. వెంటనే డాక్టరుకి చూపించాలి."

ఆ మాట తెలుగులో చెప్పగానే బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. "వీసా ఇచ్చిన కఫీల్‌కి తెలిస్తే ఖలాసేనండి! ఇంటికి పంపించేత్తాడండి!"

"రాత్రి నుంచీ ఏమీ తినలేదుగా బాబాయ్?"

"నేనేం తినలేదండి. అల్లుడుగారే పెట్టారండి."

"ఏం పెట్టారు?"

"బూరెలండి, నెయ్యేసి. అల్లుడుగారు అంత ఇదిగా పెడతా ఉంటే వద్దంటే ఏం బాగుంటదండి? పైన పాయసం కూడానండి, ఆయ్."

ఆ సంగతి నేను చెబితే టీచరమ్మ కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వి, బూరెలకు డాక్టరు అక్కర్లేదని బాబాయి భుజం తట్టారు. నావైపు తిరిగేసరికి ఆ నవ్వు లేదు. "సూది పట్టేముందు అడగాల్సిన మొదటి ప్రశ్నే నువ్వు అడగలేదు. రేపు ఇంకో మనిషితో రా."

"ఖాళీ కడుపుతో మనింట్లోంచి మనిషిని ఎలా పంపుతాం?" అన్నారు మా ఆయన, ఇంటికొచ్చి నిలదీస్తే, అమాయకంగా. ఆ రాత్రి వంటింటికి తాళం వేసి, మర్నాడు ఆయన్నే రెక్క పుచ్చుకుని తీసుకెళ్ళాను. కుర్చీలో కూర్చోగానే కళ్ళు మూసుకుని "అయిపోయిందా?" అన్నారు. నేనింకా సిరంజి కూడా తియ్యలేదు.

"ఏమైనా తిన్నారా?" అని టీచరమ్మకు వినపడేలా అడిగాను.

"తిననిచ్చావా?" అన్నారు నీరసంగా.

నెగ్గాను. "సరదాకి" అన్న మాట మళ్ళీ ఆయన నోట రాలేదు.

ఇన్నేళ్ళుగా క్లినిక్‌లో ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న అదే. లేబర్ క్యాంపుల నుంచి వచ్చే మనవాళ్ళు కొందరు ఆ ఒక్క మాటకే కళ్ళు తుడుచుకుని, "ఇక్కడ ఈ మాట అడిగేవాళ్ళే లేరమ్మా" అంటారు. అది రక్తపరీక్ష కోసమని నేను చెప్పను. అడిగాక పెట్టడానికి చేతిలో నాలుగు బూరెలుంటే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.