నోరు విప్పని ఆ పూట

మొన్న మా పక్కింటి కోడలు తన మామగారి మెదడు స్కానింగ్ బొమ్మను ఫోనులో చూపిస్తూ, ఇదిగో ఇక్కడ చిన్న మచ్చ ఉందటండీ, మందులతో తగ్గిపోతుందన్నారు అని నింపాదిగా చెబుతుంటే, నాకు నలభై ఏళ్లకు ముందటి ఒక ఉదయం గుర్తొచ్చింది.

అప్పుడు నేను బందరులో నర్సు ట్రైనింగ్ రెండో ఏడాదిలో ఉన్నాను. దివిసీమలో కూలిపనికి వెళ్లే మా నాన్న, ఆడపిల్లను అంత దూరం పంపినందుకు ఎన్ని మాటలు పడ్డాడో నా ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ రోజు నేను వార్డులో పక్కలు సర్దుతుండగా, ఆయన పదో తరగతి చదివే మా చెల్లిని భుజాన వేసుకుని, మొదటి బస్సు దిగి నేరుగా లోపలికి వచ్చాడు. మూడు రోజుల జ్వరం. వెలుతురు చూడలేక కళ్లు గట్టిగా మూసుకుంది, తల వెనక్కి విరుచుకుపోయింది, మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తితే ఒళ్లంతా కర్రలా లేచింది.

మెదడు పొరలకు జబ్బు సోకిందని, వెన్నులోంచి నీళ్లు తీసి చూస్తేగానీ ఏ మందు వెయ్యాలో తెలియదని డాక్టరుగారు చెప్పారు.

"వద్దండీ. మా ఊళ్లో ఒకాయనకి వెన్నులో సూది గుచ్చారండీ, మళ్లీ లేవలేదండీ," అన్నాడు నాన్న.

నువ్వైనా చెప్పమ్మా అన్నట్టు డాక్టరుగారు నావైపు చూశారు. అలాంటి పరీక్షలప్పుడు రోగులను పట్టుకున్నదాన్ని, వాళ్లు నడిచి ఇంటికి వెళ్లడం చూసినదాన్ని, చెప్పవలసింది నేనే. కానీ నాన్నకు ఎదురు మాట్లాడి ఎరుగను. నిజంగానే దాని కాళ్లు పడిపోతేనో అన్న భయం నాకూ లోపల ఉంది. తల దించుకుని చెల్లి నుదుటి మీద తడిగుడ్డలు మారుస్తూ ఉండిపోయాను. డాక్టరుగారు మరో రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లారు. మధ్యాహ్నమైంది.

రెండు గంటల వేళ చెల్లికి ఫిట్స్ వచ్చాయి. నేను తడిగుడ్డ పక్కన పడేసి నాన్న చెయ్యి పట్టుకున్నాను.

"నాన్నా, నేనే పట్టుకుంటాను. ఒప్పుకో."

"దాని కాళ్లు పోతేనో?"

"పోవు నాన్నా."

ఆయన కాగితం మీద వేలిముద్ర వేశాడు. చెల్లిని పక్కకు తిప్పి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా రొయ్యలా ముడిచి, కదలకుండా అదిమి పట్టుకున్నాను. తేటగా ఉండవలసిన నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా బొట్టుబొట్టుగా సీసాలో పడ్డాయి. వెంటనే మందు మొదలుపెట్టారు.

ఆరో రోజున చెల్లి కళ్లు తెరిచి, చారన్నం కావాలంది. నాన్న మంచం చివరకు వెళ్లి, "కాళ్లు కదుపు తల్లీ," అన్నాడు. అది కదపలేదు, ఆయన మొహంకేసి చూస్తూ ఉండిపోయింది. నేను అరికాలు గీరితే చటుక్కున కాలు లాక్కుంది. కాళ్లకేమీ కాలేదు. దానికి నాన్న మాట వినిపించలేదు.

జబ్బు వల్లే చెవులు పోయాయని, మందు కాస్త ముందు పడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. అడ్డుపడి ఆలస్యం చేసింది తానేనని నాన్న పోయేదాకా కుమిలిపోయాడు. తెలిసి కూడా ఆ పూటంతా నోరు విప్పనిదాన్ని నేనని ఆయనకు ఒక్కసారీ చెప్పలేకపోయాను.

చెల్లి గుడివాడలో కుట్టుపని నేర్చుకుని, సంసారం దిద్దుకుని, ఎదుటివాళ్ల పెదవులు చూసే మాట పట్టేస్తూ బాగానే ఉంది. ఈనాటి కూతుళ్లు ఆసుపత్రి వరండాల్లో తండ్రులకు ఎదురు నిలిచి ఒప్పించడం చూస్తే ముచ్చటేస్తుంది. ఆ ధైర్యం ఇప్పుడు నాకూ వచ్చింది గానీ, ఆ పూట తప్పు నాది కూడా అని చెప్పుకోవడానికి నాన్న లేడు.