తువ్వాలు కప్పిన చెయ్యి

ధర్మవరం పెళ్లిళ్లలో గిటార్ వాయించే మాస్టరుకు ఒక అలవాటుండేది. నాలుగైదు స్వరాలు కలిపి మోగించే జాజ్ కార్డ్స్ వచ్చేసరికి, వేళ్లు ఎక్కడ పెడుతున్నాడో ఎవరికీ కనబడకుండా ఎడమచేతి మీద తువ్వాలు కప్పేసేవాడు. నేర్పమని నేను వెళ్తే అందరి ముందూ నవ్వాడు.

"శనక్కాయలు వొలిచే చేతులకు ఇవి యాడొస్తాయప్పా? పోయి చేను చూసుకోపో."

ఆ ఏడు చేను ఎండిపోయింది. నేను ఒక జాజ్ క్యాసెట్టు సంపాదించి, వెనక్కి తిప్పి తిప్పి వింటూ, ఒక్కో స్వరాన్నీ తీగల మీద వెతుక్కుంటూ ఆ కార్డ్స్ అన్నీ సొంతంగా పట్టుకున్నాను.

కొన్నేళ్లకు పుట్టపర్తి లాడ్జీలో వాయిస్తే విదేశీయులు చప్పట్లు కొట్టారు. ఎక్కడి నుంచి వచ్చాడో మాస్టరు, నా భుజం మీద చెయ్యేశాడు.

"ఈడు నా శిష్యుడే! నేనే నేర్పినాను."

ఆ చేతిని తీసేశాను.

"ఎవురప్పా నువ్వు? నిన్నెప్పుడూ చూడలేదే!"

అతని ముఖం మాడిపోయింది. పెద్దవాడు, పాపం అన్నారు అందరూ. నేను ఈ రోజుకీ అనను.