దశరథం గారి ఆదివారం సముద్రం

సూరత్‌లో బమ్రోలి అని ఒక పేట ఉంది. అక్కడ కార్ఖానాల వెనక మూడో గల్లీలో, మంచం వేస్తే మనిషి పక్కకు తిరిగి నడవాల్సిన గదిలో, దూస దశరథం గారు ఇరవై ఏళ్లుగా కాపురం ఉంటున్నారు. ఆ గదిని చూసి ఎవరూ ఆయన్ను గారు అనరు. కానీ సూరత్ గురించి ఆయన సిరిసిల్లకు ఫోన్లో చెప్పే మాటలు వింటే, ఊళ్లో సగం ఆయనదేనేమో అనిపించి నోట్లోంచి గారు దానంతటదే వచ్చేస్తుంది.

ఆయన పని సాంచెలు నడపడం. పవర్‌లూమ్ మగ్గాన్ని సిరిసిల్ల వాళ్లు సాంచె అంటారు. పన్నెండు గంటల షిఫ్టు, పది సాంచెలు, పదిహేను రోజులు పగలు, పదిహేను రోజులు రాత్రి. మిగిలిన పన్నెండు గంటల్లో ఆయన తినాలి, పడుకోవాలి, భార్య వనజతో పోట్లాడాలి. ఆదివారం సెలవే. ఆ రోజు పొద్దున పడుకుంటే సోమవారం లేచేవాడు. ఇరవై ఏళ్లలో దశరథం చూసిన సూరత్ ఎంతంటే రైల్వే స్టేషను, కార్ఖానా, కూరగాయల బండి, జ్వరమొస్తే సూది వేసే డాక్టరు. అంతకు మించి ఏ సందు ఎటు పోతుందో ఆయనకూ తెలియదు, తెలుసుకునే తీరికా లేదు.

మరి తప్పెక్కడ జరిగిందంటే, వచ్చిన మొదటి నెలలో. పంతొమ్మిదేళ్ల దశరథం ఎస్‌టీడీ బూత్‌లో నిలబడి సిరిసిల్లకు ఫోన్ చేశాడు. పక్కింటి ఫోన్‌కు పరుగున వచ్చిన తల్లి రాజమ్మ ఆయాసపడుతూ, "ఎట్లున్నది బిడ్డా ఆ ఊరు?" అని అడిగింది. ఎట్లున్నదో చెబితే ఆమె అక్కడే కూలబడి ఏడుస్తుంది. ఈ ఊళ్లో సముద్రం ఉందని ముందురోజే కార్ఖానాలో ఎవరో అన్నారు. కుర్రాడికి అదే అందింది.

"మంచిగున్నదమ్మా. ఈడ సముద్రం ఉన్నది. ఆదివారం ఆదివారం పోతున్న."

ఒకసారి పుట్టించాక పెంచాలి కదా! ఆ ఏడాది సముద్రంలోకి పడవలొచ్చాయి. మరుసటి ఏడాది ఒడ్డున మొక్కజొన్న పొత్తులు కాల్చడం మొదలైంది. పెళ్లయ్యాక వనజ కూడా ప్రతి ఆదివారం సముద్రానికి వెళ్లసాగింది. ఈ సంగతి వనజకు మొదటిసారి తెలిసింది, మొగుడు అత్తతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని వింటున్నప్పుడే.

"నేను పోయేటప్పుడు ఏ చీర గట్టుకున్ననో గది గూడ చెప్పు మీ అమ్మకు," అంది ఫోన్ పెట్టేశాక. ఆమె చీరలకు రాళ్లు అంటించే పని ఇంట్లోనే చేస్తుంది. ఒళ్లో ఎప్పుడూ ఎవరిదో మెరిసే చీర ఉంటుంది, ఒంటిమీద మాత్రం ఉండదు.

సిరిసిల్లలో రాజమ్మ బీడీలు చుట్టేది. చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ నలుగురు ఆడవాళ్లకు కొడుకు సముద్రం గురించి చెప్పేది. వాళ్ల కొడుకులు భీవండి పోయినా, దుబాయి పోయినా ఆదివారం షికారుకు పోయేవాడు ఒక్క రాజమ్మ కొడుకే. ఆ చాటల మధ్య ఆమెకున్న ఆస్తి అదొక్కటే.

కరోనా వచ్చి అన్నీ బందయినప్పుడు దశరథం, వనజ ఆ గదిలో రెండు నెలలు ఇరుక్కుపోయారు. రాజమ్మ రోజూ ఫోన్ చేసి ఏడ్చేది. "ఏడ్వకమ్మా, డాబా ఎక్కితే సముద్రం గాలొస్తది," అనేవాడు. డాబా ఎక్కితే వచ్చేది రంగుల మిల్లుల కంపు. అది కూడా ఆ రెండు నెలలు రాలేదు, మిల్లులు మూశారు కాబట్టి. అయినా ఆ గాలిని నమ్ముకునే ఆమె రాత్రిళ్లు కాస్త నిద్రపోయింది.

ఆ ఏడాది బీడీల గుంపులో ఇద్దరు ఆడవాళ్లు పోయారు. రాజమ్మ ఇక ఆగలేదు.

"వచ్చే నెల నేనూ మీ బాపూ వస్తున్నం. నీ సముద్రం చూపియ్యి బిడ్డా. మల్ల ఏడాదికి ఎవరుంటరో, ఎవరు పోతరో."

ఆ మాట విన్నాక దశరథం భయపడ్డాడు. ఇరవై ఏళ్ల అబద్ధం బయటపడితే పరువు పోతుందని కాదు. అమ్మ ఇరవై ఏళ్లు దాన్ని పట్టుకునే ధైర్యంగా ఉంది. అది ఊడిపోతే కొడుకు బతికిన బతుకు ఆమెకు ఒక్కసారిగా కనిపిస్తుంది. అదీ ఆయన భయం.

రెండు వేల ఇరవై ఒకటి మార్చిలో, ఒక ఆదివారం, ముసలివాళ్లు రైలు దిగారు. స్టేషన్లోనే ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. తండ్రి బుచ్చిరాములు తుమ్మి, "సూరత్ల మర్యాద గిట్లుంటదా?" అన్నాడు. తిరుగు రైలు శుక్రవారం. పగలు తిప్పడానికి వీలుగా దశరథం రాత్రి షిఫ్టుకు మారాడు. అంటే వారం రోజులు నిద్ర మానేశాడని అర్థం.

బుచ్చిరాములు కూడా నలభై ఏళ్లు సాంచెలు నడిపిన మనిషే. తండ్రికీ కొడుక్కీ చెవులు సగం పోయాయి. కార్ఖానాలో మోతకు మాట వినబడదు కనుక సాంచెల వాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. అరచెయ్యి తిప్పితే ఏమైందని. పిడికిలి బిగించి గుండెకు ఆనిస్తే సేటుకు చెప్పొద్దని. ఇప్పుడు మూతులకు మాస్కులు కూడా వచ్చాయి కాబట్టి ఇద్దరూ ఆటోలో చెరో పక్క కూర్చుని చేతులతోనే కానిచ్చేవారు. మధ్యలో రాజమ్మ బయటికి చూస్తూ ఉండేది. ముప్పై ఏళ్లు మొగుడి కార్ఖానాకు సద్ది మోసి, అతను తినేదాకా గుమ్మంలో నిలబడిన ఆడమనిషికి కళ్లుంటాయన్న సంగతి వాళ్లిద్దరికీ ఎప్పుడూ తట్టలేదు.

సోమవారం దశరథం గారి సూరత్ దర్శనం మొదలైంది. ఎటు పోవాలో ఆటోవాడిని హిందీలో గుసగుసగా అడగడం, వాడు చెప్పింది తెలుగులో తనకు ఎప్పటినుంచో తెలిసినట్టు గట్టిగా చెప్పడం, ఇదీ పద్ధతి. పార్కుకు పోతే గేటుకు తాళం. చేపలుండే అక్వేరియానికి పోతే తాళం. పాత కోటకు పోతే ఇంకా పెద్ద తాళం. కేసులు పెరుగుతున్నాయని ఊళ్లో చూడదగ్గవన్నీ మూసేశారు. అయినా మన గైడు వెనక్కి తగ్గలేదు. ప్రతి గేటు ముందూ తల్లినీ తండ్రినీ నిలబెట్టి ఫోటో తీశాడు.

"అన్నింటికన్న కోట తాళం మంచిగున్నదిరా," అన్నాడు బుచ్చిరాములు. "మన దిక్కు గసొంటిది దొరకది."

మంగళవారం తాపీ నది మీది వంతెన చూపించాడు. వంతెనకు తాళం వేయడం కుదరలేదు కాబట్టి అది మిగిలింది. బుధవారం రింగ్ రోడ్ మార్కెట్టు. అక్కడ చీరల గుట్టలు చూసి రాజమ్మ నోరు తెరిచింది. బుచ్చిరాములు మాత్రం ఒక చీర కొంగు వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూసి, "పోగులు మింగిన్రు," అని, అంటే నేతలో దారాలు తగ్గించి మోసం చేశారని, తీర్పు చెప్పాడు. కొనడానికి వచ్చిన ముసలాయన అనుకుని టీ తెప్పించిన దుకాణదారు మొహం మాడ్చుకున్నాడు. ఆ టీ ఒక్కటే ఆ వారంలో సూరత్ నగరం వాళ్లకు ఉచితంగా ఇచ్చింది.

ఇంటికి రాగానే రాజమ్మ అడిగేది. "సముద్రం ఎప్పుడు బిడ్డా?"

సోమవారం, ఎండ ఎక్కువుందన్నాడు. మంగళవారం, పోలీసులు ఆపుతున్నారన్నాడు. బుధవారం ఏమీ తట్టక దగ్గాడు. కరోనా కాలంలో దగ్గకూడదు. తండ్రి మాస్కు సర్దుకుని దూరం జరిగాడు.

వనజ రాయి అంటిస్తూ తల ఎత్తకుండానే, "రేపు చూపియ్యకుంటే ఎల్లుండి రైలే. ప్రతి ఆదివారం పోయేటోనికి తొవ్వ మర్చిపోయిందా?" అంది. ఆ ఇంట్లో దాక్కోవడానికి ఇంకో గది లేదు.

గురువారం మధ్యాహ్నం, రాత్రి షిఫ్టు కళ్లతో, దశరథం వాళ్లను డూమస్ అనే ఒడ్డుకు తీసుకెళ్లాడు. ఆటోలో గంట ప్రయాణం. రాజమ్మ పెట్టెలోంచి తీసిన కొత్త చీర కట్టుకుంది. నీళ్లు పట్టుకుపోవడానికి సంచిలో ఖాళీ సీసా పెట్టుకుంది, చాటల దగ్గర అందరికీ చూపించాలని. దశరథం ఆ సీసాను ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. ఒడ్డు కూడా మూసి ఉంటే బాగుండునని ఒకసారి, తెరిచి ఉంటే బాగుండునని ఇంకోసారి మొక్కుకున్నాడు.

ఒడ్డు తెరిచే ఉంది. సముద్రమే లేదు.

నల్లటి ఇసుక ఉంది. ఆ ఇసుక తర్వాత బురద, బురద తర్వాత ఇంకా బురద, ఆకాశం దాకా. ఊళ్లో చూడదగ్గవన్నీ మూసేశారు సరే, చివరికి సముద్రం కూడా సెలవు పెట్టి ఎటో పోయింది. సముద్రానికి ఆటుపోట్లుంటాయని, నీళ్లు వెనక్కి పోయి మళ్లీ వస్తాయని, దాని గురించి ఇరవై ఏళ్లు వర్ణించిన మహానుభావుడికి తెలియదు. సిరిసిల్ల చెరువు ఎక్కడికీ పోదు మరి.

"ఏదిరా?" అంది రాజమ్మ.

నాలుగు రోజులుగా చెప్పి చెప్పి అలవాటైన మాటే దశరథం నోట్లోంచి వచ్చింది.

"కరోనా అని బంద్ వెట్టినట్టున్నరమ్మా."

రాజమ్మ బురద వైపు చూస్తూ నిలబడింది. ఆమె వెనకగా బుచ్చిరాములు కొడుకును చూశాడు. వేలు కొడుకు వైపు చూపి, నేల వైపు చూపి, అరచెయ్యి తిప్పాడు. నువ్వు ఈడికి ఎప్పుడన్న వచ్చినవా? దశరథం రెండు వేళ్లు కత్తెరలా ఆడించాడు. తెగింది బాపూ. తర్వాత తల్లి వీపు వైపు కళ్లతో చూపించి, పిడికిలి బిగించి గుండెకు ఆనించాడు. చెప్పొద్దు.

రాజమ్మ తల కొంచెం పక్కకు తిరిగే ఉంది.

మొక్కజొన్న పొత్తులు కాల్చే ఒక ఆడమనిషి బండి దగ్గర కూర్చుని విసనకర్ర విసురుతోంది. పొత్తులు మాత్రం నిజమే, ఆయన చెప్పిన వాటిలో అదొక్కటి ఎలాగో కుదిరింది. నీళ్లు నాలుగింటికి తిరిగొస్తాయని ఆమె హిందీలో చెప్పింది. దశరథం ఆ వార్తను తల్లికి అందించాడు, ఈసారి తన సొంతమన్నట్టు కాకుండా, ఉన్నదున్నట్టు.

"అయితే కూసుందాం," అంది రాజమ్మ.

ముగ్గురూ నల్ల ఇసుకలో కూర్చున్నారు. నాలుగు రోజుల నిద్ర లేని దశరథం ఏదో మాట చెబుతూ చెబుతూ మధ్యలోనే ఒరిగిపోయాడు. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం సముద్రం ఒడ్డుకు వచ్చిన మనిషి, నిజంగా వచ్చిన రోజున నోరు తెరిచి గుర్రు పెట్టాడు. రాజమ్మ కొంగు తీసి అతని మొహానికి ఎండ తగలకుండా పట్టుకుంది. నలభై ఏళ్ల కొడుకు చెంపలు లోపలికి పోయి ఉన్నాయి, జుట్టులో దూది నూగు ఇరుక్కుని ఉంది. ఒక్కొక్కటే ఏరి ఇసుకలో వేస్తూ ఆమె ఏడ్చింది. బుచ్చిరాములు అటు తిరిగి కూర్చున్నాడు.

తడి చెయ్యి మొహం మీద పడితే దశరథం ఉలిక్కిపడి లేచాడు.

"లే బిడ్డా. నీ సముద్రం వచ్చింది."

లేచి చూస్తే బురద లేదు. కాళ్లకు పది అడుగుల దూరంలో నీళ్లు, వాటి వెనక నీళ్లు, చూసినంత మేరా నీళ్లే. సాంచెల మోతకు పోయిన ఆ చెవులకు కూడా దాని హోరు వినబడింది. దశరథం చిన్నపిల్లాడిలా రెండడుగులు ముందుకు వేశాడు, అల కాలికి తగలగానే వెనక్కి గెంతాడు, మళ్లీ ముందుకు పోయాడు. తల్లి సముద్రాన్ని చూడటం లేదు, తననే చూస్తోందన్న సంగతి ఆయనకు చాలాసేపటికి గాని తెలియలేదు. ప్రతి ఆదివారం చూసే వాడి మొహం అలా ఉండదని తట్టి, గబగబా వెనక్కి వచ్చి మామూలుగా నిలబడ్డాడు.

"ఎట్లున్నదమ్మా?"

"నువ్వు చెప్పినట్టే ఉన్నది," అంది రాజమ్మ.

సీసా నింపుకుంది. తర్వాత కొడుకు ఫోన్ అడిగి తీసుకుని, బీడీల గుంపులో మిగిలిన ఇద్దరిలో ఒకామెకు కలపమంది. అవతల ఆమె ఎత్తగానే, హోరుకు పైన వినబడేలా గట్టిగా మొదలుపెట్టింది.

"వదినా, సముద్రం కాడ ఉన్ననే! ఇను, జర ఇను చప్పుడు. అబ్బో, ఎంత నీళ్లో! ఈడ అందరు మావోన్ని గుర్తువడ్తున్నరు. పొత్తులమ్మే ఆమె సుత పలకరించింది. అవునవును, ఆదివారం ఆదివారం వస్తరు ఇద్దరు. వనజ సుత. నేను ఊకె చెప్తుంటి గద, నువ్వే నమ్మకపోతివి!"

దశరథం కొయ్యబారిపోయి వింటున్నాడు. పొత్తుల ఆమె పలకరింపు తను కూడా ఎప్పుడూ కల్పించలేదు. రాజమ్మ ఫోన్ చెవికి ఆనించుకునే అతని వైపు తిరిగింది. ఖాళీగా ఉన్న చేతిని పిడికిలి బిగించి, గుండెకు ఆనించింది.